బాగ్-ఎ-ఆమ్‌లో ఒక సాయంకాలము

నాటకమునకో సంగీతసభకో పోవువారు ఆరున్నరకు ద్వారముకడ కారు దిగి, తొమ్మిదిన్నరకు అదే ద్వారముకడ కారెక్కి ఇల్లు చేరుట నగరములలో పరిపాటియైనది. నాలుగు గోడల నడుమ జరుగు కార్యమునకు ఆ పద్ధతి చాలునేమో గాని, ఆకాశమే పైకప్పుగా గల రంగస్థలమునకు చాలదు. హైదరాబాదు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సునందు, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా నుండిన కాలమున వెలసిన తెలుగు లలిత కళా తోరణము అట్టి రంగస్థలము. ఒకప్పుడు ఉగాది వేడుకలకును నంది బహుమతుల ప్రదానోత్సవములకును నెలవైన ఈ ఆవరణము గుట్టు తెలియవలెనన్న, దాని చుట్టునున్న తోటను, తోటచుట్టునున్న పట్టణమును పగటివేళ ఒకమారు కాలినడకన చూచి రావలసినదే.

గోడలు లేనిచోట శబ్దమును మరలించి శ్రోత చెవికందించు ఆధారము లేదు గనుక గాయకుని గొంతు మైకును నమ్ముకొనక తప్పదు. పైకప్పు లేదు గనుక, ఒక్క గడియ చీకటి కావలసిన నాటకకర్త సూర్యాస్తమయము వరకు చేతులు కట్టుకొని కూర్చుండవలె. వానకాలమున ఆతని భవిష్యము మబ్బుల చేతిలోనుండును. ఇన్ని ఇక్కట్లు గలిగియు, ఊరి నడిబొడ్డున, దివిటీల వెలుగులో పుట్టి పెరిగిన ఒగ్గుకథ, చిందు యక్షగానము, వీథినాటకము మున్నగు కళారూపములకు ఇట్టి తావే స్వస్థానమని నా నమ్మకము. డోలు దెబ్బకు గోడలతో పనియేమి? వీణ వినగోరువారు మాత్రము దాపుననే, ఠాగూరు శతజయంతి సందర్భమున 1961లో ప్రారంభమైన రవీంద్రభారతికి పోవుట మేలు.

ఎండ వాలగనే ఉద్యానమునకు చేరినచో తొందరపడవలసిన పని యుండదు. 19వ శతాబ్ది మధ్యభాగమున ఆసఫ్‌జాహీ ప్రభువుల యేలుబడిలో బాగ్-ఎ-ఆమ్ అను పేర ఏర్పడిన ఈ తోటలో చెట్లకంటె కట్టడములే యెక్కువయని నిష్ఠురమాడువారు గలరు. జూబ్లీహాలు, షాహీ మసీదు, బాలభవనము, పురావస్తు ప్రదర్శనశాల వరుసగా కానవచ్చునప్పుడు ఆ నిష్ఠురము అకారణమనిపింపదు. జనవరి 1 మొదలుకొని ఏటేట జనసంద్రమై సాగు నుమాయిష్ అను ప్రదర్శన సైతము 1938లో ఈ తోటలోనే పుట్టి, 1946లో నాంపల్లిలోని నేటి మైదానమునకు తరలినది.

ప్రదర్శనశాలలో అడుగిడిన పిల్లలు తక్కినదంతయు విడిచి మమ్మీకడకే పరుగిడుదురు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో సమర్పించిన ఆ ఈజిప్టు కన్యక దేహము, వస్త్రములు శిథిలమగుచుండగా, 2016లో ప్రాణవాయువు చొరకుండ నత్రజని నింపిన గాజుపేటికలో పదిలపరుపబడినది. తన దేశమునకు ఇంత దూరమున, మన యెండలను ఇన్ని దశాబ్దములు భరించిన ఆమె ఓర్పు మెచ్చదగినది. అయినను పెద్దలుకూడ అటనుండియే వెనుదిరుగుట నాకు విచారము గొలుపును. అజంతా ఒకనాడు నిజాము రాజ్యములోనిదే గనుక ఆ గుహాచిత్రముల ప్రతికృతులు ఇచ్చట గోడలపై నిలిచియున్నవి. వాటియెదుట ఒక పావుగంట నిలిచినవానికి, మూలమును చూడబోవునాడు కన్ను సిద్ధముగానుండును.

వెలుపలికి వచ్చినంతనే శాసనసభాభవనపు శ్వేతగుమ్మటములు కన్నులకు కట్టును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నలువదవ జన్మదినమునకు గుర్తుగా 1905లో పునాది వేసి 1913లో టౌనుహాలుగా ముగించిన ఈ భవనము, ప్రజాప్రతినిధుల వాదములకు వేదికయగునని ఆనాడు ఎవ్వరూహించిరో! దాని యెదుట గన్‌పార్కులో, 1969 తెలంగాణ ఉద్యమమున అసువులు బాసినవారి స్మృతికై శిల్పి ఎక్కా యాదగిరిరావు తీర్చిన స్తూపము నిలిచియున్నది. అచట ఛాయాచిత్రములు తీయించుకొనువారే గాని కొంచెముసేపు కూర్చుండువారు అరుదు.

కాళ్లలో సత్తువ గలవారు నౌబత్ పహాడు నెక్కి, 1976లో వెలసిన బిర్లామందిరపు పాలరాతి మెట్లపైనుండి హుస్సేన్ సాగరమును చూచి దిగవచ్చును. ఆ గుడిలో గంట లేదు, ధ్యానమునకు భంగము కలుగరాదని. దిగిన పిదప ఇరానీ హోటలులో చాయ్‌ను సాసరులో పోసి ఊదుకొని త్రాగి, ఉస్మానియా బిస్కట్టు ముంచుకొనుటకు పది నిముషములు చాలును.

ఇక తోరణమున ప్రదర్శన ముగిసినవేళ ఆకలిగొన్నవారికి మొజంజాహీ మార్కెట్టు దూరము కాదు. 1935లో నల్లరాతితో కట్టి, ఉస్మాన్ అలీఖాన్ ద్వితీయపుత్రుని పేరు పెట్టిన ఆ అంగడి గడియారపు స్తంభము క్రింద ఐస్‌క్రీము దుకాణములు రాత్రి ప్రొద్దుపోవువరకు తెరచియుండును. శరదృతువున సీతాఫలము, వేసవిలో మామిడి అడుగుడు. తక్కిన కాలములందు ఏది యున్న నది తినవచ్చును.