స్వామివారి పూదోటకు ఋతుధర్మము

నగరము నుండి బీజాపూరు రహదారి మీదుగా వచ్చు భక్తులు మొయినాబాదు దాటి చేవెళ్ల దిక్కుగా సాగునప్పుడు మర్రిమానుల నీడలో ప్రయాణింతురు. నిజాము కాలమున నాటినవని పెద్దలు చెప్పు ఆ మానులు ఈ దారి పొడవున సుమారు 900 ఉన్నవి. నడి వైశాఖములోను వాటి క్రింద చల్లగానే యుండును. ఎవరైనను వాటికి బిందెడు నీరు పోయుట నేను చూడలేదు. ఆ నీడలో వచ్చిన భక్తులే మన ఆలయ ప్రాంగణమున అడుగుపెట్టి, మండపము ముందరి పచ్చిక మాడియుండుట చూచి, "ఇందరు దాతలుండగా ఈ తోట ఇట్లెందుకున్నది?" అని అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పవలసినవారిలో నేనొకడను. ఆ తోట చెడుటలో నా పాలు కూడ కలదు.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక దాత 108 మొక్కలు సమర్పింతునని వచ్చి ముహూర్తమడిగినారు. నేను పంచాంగము తెరచి అక్షయతృతీయ, రోహిణీ నక్షత్రము, స్థిరలగ్నము చూచి పెట్టితిని. సంపెంగ, పొగడ, మందార, గులాబి, నీడపందిళ్లలో పెంచిన విదేశపు ఈతజాతి మొక్కలు, అన్నియు ఒకే దినమున మంత్రపూర్వకముగా నాటితిమి. మృగశిర కార్తె వచ్చునాటికి బ్రతికినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. నాడు తోటపని చేయుచుండిన వృద్ధుడు ఎండిన మొక్క నొకదానిని పెకలించి నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ముహూర్తం మంచిదే. గని మన్ను నిప్పోలె ఉన్నది గద, వేరు యాడికి పోతది?" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఇంటికి వచ్చి బృహత్సంహిత తీసితిని. వృక్షములు నాటుటకు వరాహమిహిరుడు రోహిణి, మూడు ఉత్తరలు, మూల, పుష్యమి, శ్రవణము, అశ్విని, హస్త మొదలగు నక్షత్రములను చెప్పినాడు. అది నాకు కంఠస్థమే. కాని ఆ వృక్షాయుర్వేదాధ్యాయముననే, కొమ్మలు పుట్టని మొక్కను శిశిరమున, కొమ్మలు గలదానిని హేమంతమున, బోదె బలిసినదానిని వర్షారంభమున నాటవలెనని కూడ ఉన్నది. గ్రీష్మము ప్రసక్తి నాటు కాలములలో లేనే లేదు. నీరు పోయుట చెప్పినచోట మాత్రము గ్రీష్మమున ఉదయ సాయంకాలములు రెండును అని యున్నది. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమము, 16 మధ్యమము, 12 కనిష్ఠము. మేము నాటినవి నాలుగేసి మూరల ఎడముననే! నక్షత్రమును చదివి ఋతువును విడిచితిని.

ఈ శాస్త్రమున మరింత ఆసక్తి గలవారు సురపాలుని వృక్షాయుర్వేదము చూడవచ్చును. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉన్నది. సికింద్రాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో 1996లో ప్రకటించినది. అందు ప్రశంసింపబడిన కుణపజలము మాంసాదులతో చేయునది గనుక ఆలయమునకు పనికిరాదు. మనకు గోమయము, వేపపిండి చాలును.

ముహూర్తమునకు చూచు రోహిణి వేరు, సేద్యమునకు చూచు రోహిణి వేరు. మొదటిది చంద్రుడున్న నక్షత్రము. రెండవది సూర్యుడున్నది. సూర్యుడు ఒక నక్షత్రమున నిలుచు 13, 14 దినముల కాలమునే మన రైతులు కార్తె అందురు. మే 25 ప్రాంతమున వచ్చు రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని సామెత. జూన్ 8 ప్రాంతమున మృగశిర, 22 ప్రాంతమున ఆరుద్ర. మన సీమ ఎడారి కాదు. ఏటి వర్షములో అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు లోపల కురియును. మిగిలిన మాసములలో, విశేషించి ఫాల్గుణము నుండి జ్యేష్ఠము వరకు, ఎడారి ధర్మమే నడచును. ఇచ్చటి ఎర్ర చెలక నేల నీటిని త్రాగినంత వేగముగా విడిచిపెట్టును; నల్లరేగడి యున్నచోట నేల బీటలు వారి వేళ్లను తెంపును.

కాబట్టి పనిని వెనుక నుండి లెక్కించుకొనవలెను. గుంతలు ఎండకాలముననే తవ్వవలెను, నాటుట మాత్రము అప్పుడు కాదు. రెండేసి అడుగుల గుంత తీసి కొన్ని వారములు ఎండకు విడిచినచో మట్టిలోని పురుగులు, తెగుళ్లు చాలవరకు నశించును. పిదప పైమట్టి, బాగుగా మాగిన పశువుల ఎరువు, కొంచెము వేపపిండి కలిపి పూడ్చి, ఒకటి రెండు మంచి వానలు పడి నేల లోపల చల్లబడినాక నాటవలెను. అట్లు నాటిన మొక్కకు నాలుగు మాసముల వాన, నాలుగు మాసముల చలి దొరకును. మరుసటి వేసవి వచ్చునప్పటికి వేరు లోతునకు దిగియుండును.

మొదటి రెండు వేసవులలో మాత్రము కాపాడవలెను. దినమును చెంబెడు నీరు పైపైన చల్లినచో వేరు పైకే వచ్చి మాడును. లేత మొక్కకు వరాహమిహిరుడు చెప్పినట్లు రెండు పూటలు తడి ఇచ్చినను, వేరూనిన చెట్టునకు మూడు నాలుగు దినములకొకసారి పాదు నిండ పోయుట మేలు. మొక్క ప్రక్కన చిల్లి గల మట్టికుండను మెడవరకు పాతి నింపినచో నీరు మెల్లగా వేరునకు చేరును. పాదులో జానెడు మందమున ఎండుటాకులు పరచవలెను. మన ఆలయమున ఆకులు ఊడ్చి తగులబెట్టు అలవాటుండెడిది. దానిని మాన్పించుటకు నాకు రెండేండ్లు పట్టినది. నిర్మాల్యమును కూడ నేడు ఎరువు గుంతలోనే వేయుచున్నాము.

రసాయనముల మాట దాతలు కొందరెత్తుదురు. 1908 నాటి మూసీ వరద పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగరు (1920), హిమాయత్ సాగరు (1927) మన ముంగిటనే ఉన్నవి. ఇచ్చట కురిసిన చినుకు అటు మూసీలోకో ఇటు ఈసీలోకో దిగి వాటినే చేరును. దేవుని తోట నుండి వాటిలోనికి విషము పోరాదు.

ఇక పచ్చిక విషయము. గల్ఫు దేశమున ఉద్యోగము చేయు ఒక భక్తుడు, "ఎడారిలోనే తోటలు పెంచుచుండగా మనకేమి?" అని నన్నడిగినాడు. దుబాయిలో 2013లో తెరచిన మిరకిల్ గార్డెను చాల ప్రసిద్ధము. శుద్ధి చేసిన వాడకపు నీటితో దానిని తడుపుదురు. అంత ధనము గలవారు కూడ వేసవిలో దానిని మూసివేయుదురు. ఎడారి కూడ ఋతువును మన్నించుచున్నదన్నమాట. పైగా ప్రపంచమంతట పచ్చికలకు పరచు బెర్ముడా గడ్డి యనునది మన గరికయే! వినాయకునికి సమర్పించు ఆ దూర్వ వేసవిలో గోధుమవన్నెకు తిరిగి, తొలివానకు మరల చిగిర్చును. మండపము ముందరిది మీరు చూచినప్పుడు చచ్చియుండలేదు, నిద్రించుచుండినది. దానిని మేల్కొలుపుటకు వేసవిలో ట్యాంకరు నీరు తెప్పించుట ధర్మమా యని నా సందేహము.

స్వామికి ఏడాది పొడవున పూవు కావలెను గదా యందురు. ఈ ప్రాంతపు పూలరైతులు ఆ లెక్క మనకన్న బాగుగా ఎరుగుదురు. వారి పూవులే గుడిమల్కాపూరు అంగడికి పోవుచున్నవి. మల్లెకు మార్గశిర పుష్యములలో తడి ఆపి, కత్తిరించి, ఎరువు వేసి మరల నీరిచ్చినచో ఫాల్గుణమున మొగ్గ తొడిగి వేసవి యంతయు పూచును. గన్నేరు, నందివర్ధనము, నూరువరహాలు ఎండను లెక్కచేయవు. రేల చెట్టు వైశాఖమున ఆకు రాల్చి బంగారు గుత్తులు వ్రేలాడదీయును. బంతి నారు ఆషాఢమున నాటినచో దసరాకు అందును. చామంతి నాటుట కూడ అప్పుడే, కాని పగటిపొద్దు తగ్గినగాని అది మొగ్గ వేయదు. పారిజాతము శ్రావణము నుండి రాలును. తంగేడును గునుగును ఎవరు నాటిరి? బతుకమ్మ నాటికి బంజరులో అవే వచ్చును.

జమ్మిని గూర్చి కొంత ఎక్కువ చెప్పవలెను. అది తెలంగాణ రాష్ట్ర వృక్షము. రాజస్థాను ఎడారిలో దానినే ఖేజడీ యందురు, అచ్చటను రాష్ట్ర వృక్షమే. 1730లో జోధ్‌పూరు చేరువ ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఆ చెట్లను నరకవచ్చినప్పుడు అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు వాటిని కౌగిలించుకొని ప్రాణములర్పించిరి. మనమో, దసరానాడు కొమ్మ విరిచి తెచ్చి నేలలో గ్రుచ్చి పూజింతుము! నీరు లేనిచోట బ్రతుకుటయే దాని స్వభావము గనుక మన తోటకు మొదట రావలసినది అదే.

తిరుమలలో రామానుజుల ఆజ్ఞ మేరకు అనంతాళ్వారు పూదోట పెంచిన కథ మీరందరును ఎరుగుదురు. ఆయన విసరిన గునపము నేటికిని మహాద్వారము గోడమీద కనబడును. ఆ గునపము దేనికి పట్టినారు? చెరువు త్రవ్వుటకు. మన దాతలలో మొక్కకు పేరుపలక అడుగువారు పెక్కుమంది, ఇంకుడుగుంతకు అడుగువారు ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి రోహిణీ కార్తె సాగుచుండును. తోటకు తూర్పువైపున తవ్విన గుంతలు ఎండుచున్నవి. మొక్కలు ఇప్పుడు తేవలదు. ఇప్పుడు తేదలచినవారు మాగిన ఎరువు, వేపపిండి, మట్టికుండలు తెండు. ఆరుద్ర ప్రవేశించి రెండు వానలు పడినాక రండు. ఆ కార్తెలో మంచి నక్షత్రము నేనే చూచి పెట్టుదును. మొదటి గుంత జమ్మికి ఉంచినాము.