వార్తల్లో పదం: రిపర్టరీ గ్రాంట్

కళాబృందాలకు కేంద్ర సాయం గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ మాట కనిపిస్తుంది. ఎప్పుడు పిలిచినా ఆడగలిగేలా బృందం సిద్ధంగా ఉంచుకున్న ప్రదర్శనల మూటే రిపర్టరీ. కూచిపూడి మేళానికి భామాకలాపం, గొల్లకలాపం, ప్రహ్లాద నాటకం అలాంటివి. వాటి సాధన ఆగిపోకుండా గురువుకూ శిష్యులకూ నెలనెలా ఇచ్చే సాయమే రిపర్టరీ గ్రాంట్. కేంద్ర సాంస్కృతిక శాఖ దీన్ని 'గురు-శిష్య పరంపర' పథకంగా అమలు చేస్తోంది.

డబ్బు ఎలా వస్తుంది? గురువుకు నెలకు రూ.15,000. శిష్యులకు వయసును బట్టి రూ.2,000 నుంచి రూ.10,000 వరకు. సంగీత, నృత్య బృందాల్లో గరిష్ఠంగా 10 మంది శిష్యులకు, నాటక బృందాల్లో 18 మందికి ఇస్తారు. జానపద, గిరిజన కళాబృందాలూ దరఖాస్తు చేసుకోవచ్చు.

కళకు ఆసరా కూచిపూడికి కొత్త కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తానీషా ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. అగ్రహారం తరాలకు సరిపడే భూమి. గ్రాంటు గడువున్న డబ్బు. భూమికి పంట ఆధారం, గ్రాంటుకు కాగితాలు ఆధారం.

పాఠకులకు ఇది ఎందుకు ముఖ్యం? బుర్రకథ, తోలుబొమ్మలాట వంటి కళలను నమ్ముకున్న కుటుంబాలకు ప్రదర్శనలు లేని నెలల్లో నిలకడైన రాబడి అరుదు. అయితే సాయం అడగాలంటే బృందం రిజిస్టరైన సంస్థగా ఉండాలి. మీ ఊళ్లో బృందం ఉంటే ముందుగా ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోమనండి.