పశువైద్యుడు – ప్రజల ఆహార రక్షణ

మనం భుజించే పాలు, మాంసం పరిశుభ్రంగా ఉండాలంటే జాగ్రత్త పశువుల కొట్టంలోనే ప్రారంభం కావాలి. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆవు పాలలో సైతం బ్రూసెల్లోసిస్ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. పచ్చిపాలు త్రాగినవారికి, గర్భస్రావమైన పశువు మాయను ఒట్టి చేతులతో తీసినవారికి ఈ వ్యాధి సోకితే జ్వరం, కీళ్ళనొప్పులు నెలల తరబడి పీడించగలవు. అందువల్లనే 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం క్రింద 4 నుండి 8 నెలల వయస్సు గల ఆవు, గేదె పెయ్యలకు టీకా వేస్తున్నారు.

పాలను కాచితే ఈ సూక్ష్మజీవులు నశిస్తాయి. అయితే పశువుకు ఇచ్చిన మందుల అవశేషాలు కాచినంత మాత్రాన పూర్తిగా తొలగిపోవు. చికిత్స తరువాత ఎన్ని రోజులు ఆ పాలను అమ్మకూడదో రైతుకు తెలియజేయవలసిన బాధ్యత పశువైద్యునిదే. కబేళాలో ఆయన ముందుగా ప్రాణంతో ఉన్న పశువును పరీక్షిస్తాడు. వధానంతరం కాలేయాన్ని, ఊపిరితిత్తులను, లింఫు గ్రంథులను పరిశీలించి, వ్యాధిగ్రస్తమైన మాంసాన్ని తొలగింపజేస్తాడు.

నేడు ఒక గ్రామంలో పితికిన పాలు అనేక గ్రామాల పాలతో కలిసి సుదూర నగరాలకు చేరుతున్నాయి. ఒక కొట్టంలో జరిగిన అజాగ్రత్త అపరిచితులెందరికో హాని కలిగించగలదు. కనుక పశువైద్యుని సేవ రైతుకు ఎంత అవసరమో, పశువును ఎన్నడూ పోషించని నగరవాసికీ అంతే అవసరం.