బాలింత పత్యం: మంచిదెంత? మానవలసిందెంత?

చల్లపల్లి: కాన్పు ఆసుపత్రిలో, కాయం ముద్ద ఇంట్లో. ఇదీ పాత దివి తాలూకా పల్లెలలో నేటి బాలింతల తీరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. మంత్రసాని దాదాపు కనుమరుగైంది. అయితే ఇంటికి వచ్చిన తర్వాత బాలింత బాధ్యత మాత్రం యథాప్రకారం అమ్మ, అమ్మమ్మల చేతిలోనే ఉంది. వారికి తెలిసిన వైద్యం వారు చేస్తున్నారు. అందులో చాలా భాగం మేలైనదే. కొంత మాత్రం తల్లి ప్రాణం మీదికి తెచ్చేది.

ముందు మేలు సంగతి. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము, ధనియాలు దోరగా వేయించి, దంచి, జల్లించి, పాత బెల్లం, నెయ్యి కలిపితే కాయం. పాళ్లు ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. పరగడుపున ఉసిరికాయంత ముద్ద మింగిస్తారు. ఇది పల్లెటూరి చాదస్తమని తీసిపారేసే వారు చరక సంహిత శారీర స్థానం చూడవచ్చు. బాలింతకు పిప్పలి, పిప్పలి మూలం, చవ్యం, చిత్రమూలం, శొంఠి చూర్ణాన్ని నేతితోనో నూనెతోనో ఇవ్వాలని, పొట్టకు నెయ్యి, నూనె రాసి పెద్ద గుడ్డ చుట్టాలని అందులో ఉంది. పిప్పలి మూలాన్నే మనవాళ్లు మోడి అంటారు. అక్షరం ముక్క రాని అవ్వలు కడుతున్న నడికట్టు కూడా అదే కావడం విశేషం.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కేలరీల ఆహారం అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నెయ్యి, బెల్లం, నువ్వులు, కందిపొడి ఆ లోటు కొంత తీరుస్తాయి. గర్భంతో ఉండగా చక్కెర వ్యాధి వచ్చిన వారు మాత్రం బెల్లం ముద్ద జోలికి డాక్టరును అడగకుండా పోరాదు.

బందరు వైపు నుంచి వచ్చే పాలసొర పిట్టుకూ ఈ ప్రాంతంలో గిరాకీ ఉంది. పాలు పడతాయని నమ్మకం. మాంసకృత్తులు ఉన్న మాట నిజమే. పెద్ద సొరలలో పాదరసం పేరుకుంటుంది కనుక చిన్నవాటితో సరిపెట్టుకోవడం మంచిది. అయినా పాలు పడటానికి అసలు మందు బిడ్డ చప్పరించడమే. ఎన్నిసార్లు పట్టిస్తే అన్ని పాలు. ముర్రుపాలు పిండి పారబోసి, పంచదార నీళ్లు నాకించే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉండటం విచారకరం. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా అక్కరలేదు.

నీరు అక్కరలేనిది బిడ్డకు. తల్లికి కాదు! మన పత్యంలో అన్నిటికన్నా కీడైనది ఈ నీళ్ల కట్టడే. ఒళ్లు నీరు పడుతుందని, పొట్ట పెరుగుతుందని బాలింతకు గ్లాసెడు నీళ్లు ఇవ్వడానికి వెనకాడే ఇళ్లున్నాయి. రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలు ఇచ్చే మనిషికి నీళ్లు ఆపితే ఏమవుతుంది? మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం. రోహిణీ కార్తె ఎండల్లో తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, కిటికీలు మూసిన గదిలో ఉన్న బాలింత సంగతి ఇక చెప్పనే అక్కరలేదు. కాచి చల్లార్చిన నీళ్లు దాహం వేసినప్పుడల్లా ఇవ్వాలి. కావాలంటే వాము వేసి కాచుకోవచ్చు, అడ్డేమీ లేదు.

వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం ఒళ్లు నొప్పులకు హాయి. అయితే ఈ ఆచారాలన్నీ మామూలు కాన్పుల రోజులలో పుట్టినవి. అదే సర్వే లెక్కన 2019-21లో రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. కోత మీద మరిగే నీళ్లు గుమ్మరించడం, నడికట్టు బిగించి కట్టడం, పసుపు అద్దడం పనికిరావు. కుట్లు ఆరిన తర్వాత డాక్టరు సరేనంటేనే నడికట్టు. అదీ వదులుగా. మంచం కింద కుంపటి, గది నిండా సాంబ్రాణి పొగ పసిగుడ్డు ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఏ కాయానికీ లొంగనివి కొన్ని ఉన్నాయి. గుడ్డ మీద గుడ్డ తడిసే రక్తస్రావం, చలిజ్వరం, దుర్వాసన మైల, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పిక్క వాచి నొప్పి పుట్టడం. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. అప్పుడు తాయెత్తు కోసం పరుగెత్తక 108కి ఫోన్ చేయాలి. ఊరకే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం మొదటి రోజులలో చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే గాలి సోకిందనుకోరాదు. అదీ చికిత్స ఉన్న జబ్బే.

ఇరవై ఒకటో రోజున బావిలో చేద వేయించేదాకా బాలింతను పనిలో చెయ్యి పెట్టనివ్వకపోవడం పెద్దల ఆచారం. ఇంతకు మించిన బలవర్ధకం ఏ పచారీ కొట్టులోనూ దొరకదు. కానీ ఇది భూమి ఉన్న ఇంటి బాలింతకే చెల్లుతోంది. ఊడ్పుల కాలంలో కాన్పయిన కూలి తల్లికి నెల తిరగకుండానే మడిలో దిగక తప్పని పరిస్థితి.

ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో రావాలి. తల్లి జ్వరం, బిడ్డ బరువు చూడాలి. ఇనుము మాత్రలు ఆరు నెలలు వేసుకోవాలన్నదీ గుర్తు చేయాలి. చిక్కేమిటంటే పురుడు తీరేది పదకొండో రోజున. ముట్టుకోకూడదని ఆమెను అరుగు మీది నుంచే పంపేస్తే, మొదటి రెండు తనిఖీలూ తప్పిపోతాయి. బాలింత జ్వరం సాధారణంగా బయటపడేది ఆ పది రోజులలోనే.