ఇంటి కూర, ఇంటి బలము



కడుపు నిండుట వేరు, ఒడలికి బలము చేకూరుట వేరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమును బట్టి, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 57 మందికి మించి రక్తహీనులు. అయిదేండ్లలోపు పసివారిలో నూటికి 70 మంది. మన కోడండ్రును మనుమలును ఈ లెక్కలోనివారే.

మద్నూరు నల్లరేగడి నేల. అందు నేడు సోయా చిక్కుడు, ప్రత్తి విశేషముగా పండుచున్నవి. పంట అంగడికి పోవును. కూర అంగడి నుండి వచ్చును. రైతునకు పైకము చేతికందునది పంట అమ్మినప్పుడే, ఆకలి యనుదినము. పైకము లేనినాడు కూర తగ్గును. తగ్గిన కూర, వడ్డించి చివర తిను స్త్రీకి మిగులదు. రక్తము చాలనిది ఆమెకే గదా!

పూర్వము జొన్నచేని సాళ్ల నడుమ కంది, అనుములు, పుంటికూర వేసెడివారు. గంగవాయిలి, తుమ్మికూర తమంత తామే మొలచెడివి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ప్రకారము, పెద్దవారికి దినమునకు ఆకుకూరలతో కూడ 400 గ్రాముల కూరగాయలు కావలెను. ఆకుకూరలో నిమ్మరసము పిండినచో అందలి యినుము ఒంటికి బాగుగ పట్టును. భోజనముతో తేనీరు త్రాగినచో పట్టదు.

ఇది జరుగని పని కాదు. మనకు దక్షిణమున జహీరాబాదు ప్రాంతమున, 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు మెట్టచేలలో చిరుధాన్యములు, పప్పులు, కూరలు కలిపి పండించి, విత్తనము తామే దాచుకొనిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించెను.

సంకరజాతి గింజ మరుసటి యేట తల్లి గుణమును నిలుపదు. నాటు గింజ చాలవరకు నిలుపును. కావున మంచి బీరతీగపై రెండు కాయలను ఎండువరకు విడువుడు. గింజలను నీడ నారబెట్టి, బూడిద కలిపి కుండలో దాచుడు. చేదుకాయ గింజ మాత్రము వలదు.

దీనివలన ధనరాశులు కురియునని నేను చెప్పను. కొనుట తగ్గుట మొదటి లాభము. మిగిలినది వారపుసంతలో అమ్ముకొనుట రెండవది. సోయా ధర పడిన యేటను చిక్కుడుపాదు కాయుట మానదు.

పెద్దలారా, చేనిలో ఏమి వేయవలెనో నిర్ణయించువారు మీరు. ఈ వానకారున గట్టు ప్రక్క నాలుగు సాళ్లు కూరలకు విడువుడు. అచట కలుపుమందు చల్లనీయకుడు. పండిన కూరను ముందుగా ఇంటి ఆడువారి విస్తరిలో వడ్డింపుడు.