మీకు తెలుసా? చనిపోయిన నటుడికి డూప్‌గా వైద్యుడు!

హాలీవుడ్ దర్శకుడు ఎడ్ వుడ్ దగ్గర డబ్బుకే కరువు, ఉత్సాహానికి కాదు. 'డ్రాక్యులా'గా పేరుమోసిన బేలా లుగోసీ 1956లో కన్నుమూశాడు. అప్పటికి తీసిన కొద్దిపాటి షాట్లను పారేయడానికి వుడ్‌కు మనసొప్పలేదు. వాటి చుట్టూ కథ అల్లి 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' తీశాడు. మిగతా సీన్లలో లుగోసీగా కనిపించేది వుడ్ భార్యకు వైద్యం చేసే కైరోప్రాక్టర్! పోలికలు కలవవు, పైగా పొడగరి. అందుకే పాపం, ముఖానికి ముసుగులా కేప్ అడ్డం పెట్టుకునే తిరుగుతాడు.

ఈ సినిమాకు పెట్టుబడి బాప్టిస్టు చర్చి వాళ్లది. బదులుగా నటుల్లో కొందరు బాప్తిస్మం తీసుకోవాల్సి వచ్చింది.

వుడ్ 1978లో, 54వ ఏట పేదరికంలో పోయాడు. రెండేళ్లకు 'అత్యంత చెత్త దర్శకుడు' బిరుదు దక్కింది. దాంతో జనం ఆయన సినిమాలను వెతుక్కుని మరీ చూశారు. 1994లో టిమ్ బర్టన్ తీసిన 'ఎడ్ వుడ్'కు రెండు ఆస్కార్లు. రెండూ లుగోసీ పుణ్యమే: ఒకటి ఆ పాత్ర వేసిన మార్టిన్ లాండౌకి, రెండోది మేకప్‌కి.