జీపు దిగిన వైర్‌లెస్ సెట్టు

పోలీసు జీపులోనో, ఫ్యాక్టరీ సెక్యూరిటీ వ్యానులోనో ఏళ్ల తరబడి నలిగిన వైర్‌లెస్ సెట్టును చూస్తే కొనబుద్ధి కాదు. మైకు తీగ సాగిపోయి ఉంటుంది, బటన్ల మీద అంకెలు అరిగిపోయి ఉంటాయి. అయినా హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్ల మీద మాట్లాడుకునే ఔత్సాహికులు, దాన్ని వదలరు. లోపలి సరుకు రోజంతా పనిచేయడానికి కట్టింది, గుంతల రోడ్డు మీద అదురుకి నిలిచింది.

1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియో పెట్టారు, కానీ అది వినడానికే. కారు నుంచి తిరిగి మాట్లాడే ఏర్పాటు 1933లో న్యూజెర్సీలోని బయోన్‌లో వచ్చింది. అదే ఏడాది ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఎఫ్.ఎం. పేటెంట్లు దక్కాయి. ఇంజను స్పార్కుల గరగరలో మాట మునిగిపోయే బాధకి ఆ ఎఫ్.ఎం.యే మందయింది. 1940లో డేనియల్ నోబుల్ కనెటికట్ రాష్ట్ర పోలీసులకి ఎఫ్.ఎం. మీద రెండువైపులా మాట్లాడే వ్యవస్థ కట్టి, తర్వాత మోటరోలాలో చేరాడు. 1960ల్లో అమెరికాలో ఛానళ్ల వెడల్పు తగ్గించేసరికి టాక్సీల సెట్లు, పోలీసు సెట్లు గుట్టలుగా బయటపడ్డాయి. అక్కడి హ్యాములు వాటిని చవగ్గా కొని, క్రిస్టళ్లు మార్చి, రెండు మీటర్ల బ్యాండు మీద ఎఫ్.ఎం. ముచ్చట్లు మొదలుపెట్టారు. అందిన మాటను మళ్లీ బలంగా ప్రసారం చేసే రిపీటర్లు ఊరూరా వెలిసింది ఆ ఊపులోనే.

ఇక్కడే మన వాళ్లు జాగ్రత్తపడాలి. పాత సెట్ల గురించి దొరికే సలహాల్లో చాలా భాగం అమెరికా నుంచి వచ్చినవే. అక్కడ హ్యాములకి ఈ రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ దాకా ఉంది. మనకి 144 నుంచి 146 వరకే. 1990ల నాటి మోటరోలా జి.ఎం.300 వి.హెచ్.ఎఫ్.లో రెండు రకాలు వచ్చాయి: ఒకటి 136–162, రెండోది 146–174. రెండోది అమెరికా వాడికి బంగారం. మనకి మాత్రం మన బ్యాండు ముగిసిన చోట మొదలవుతుంది. యు.హెచ్.ఎఫ్.లో సంగతి ఇంకా విచిత్రం. మనకిచ్చింది 434–438. జి.ఎం.300 ఒక రకం 433 దగ్గర ఆగిపోతుంది, ఇంకో రకం 438 దగ్గర మొదలవుతుంది. మనకి కావలసిన నాలుగు మెగాహెర్ట్జూ సరిగ్గా ఆ సందులో పడిపోయాయి. అందుకే సెట్టు మెరుపు కన్నా, వాట్ల కన్నా ముందు వెనకున్న లేబులు మీది మోడల్ నంబరు చదవాలి. ఆ నంబరును బట్టి బ్యాండు తేల్చుకోకుండా, అమ్మేవాడి “అన్నీ పడతాయి సార్” మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

సాఫ్ట్‌వేర్‌ని ఏమార్చి 145 రాసేయవచ్చు కదా అంటారు. రాయొచ్చు, కానీ సెట్టు ఒప్పుకోవాలి. లోపల ఒక ఆసిలేటర్ ఉంటుంది. దానికిచ్చే వోల్టేజీని బట్టి ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, తగ్గుతుంది. ఫేజ్ లాక్ లూప్ దాన్ని నిలకడైన క్రిస్టల్‌తో పోల్చుకుంటూ, జరిగినప్పుడల్లా వోల్టేజీ సవరించి దారిలో పెడుతుంది. 146 పైన నడవడానికి కట్టినదాన్ని 145కి దించితే ఆ వోల్టేజీ అంచుకి చేరుతుంది. ఒక పూట లాక్ పడుతుంది. మే నెల ఎండకి మేడ మీద గది కాగితే అదే సెట్టు లాక్ తప్పి, ట్రాన్స్‌మిట్ చేయనని మొరాయిస్తుంది. పట్టినా, ముందు వరస ఫిల్టర్లు పై ఫ్రీక్వెన్సీలకి సరిచేసినవి కాబట్టి వినికిడి మందగిస్తుంది.

ఆ ఫిల్టర్ల కోసమే అసలు ఈ సెట్లు కొనడం. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో ఐదంతస్తుల మేడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గాలి నిండా ఎఫ్.ఎం. స్టేషన్లు, ఇతర వైర్‌లెస్ సిగ్నళ్లు. చవక హ్యాండ్‌సెట్‌కి మేడ మీద పెద్ద యాంటెన్నా తగిలిస్తే ఈ రద్దీకి ఉక్కిరిబిక్కిరై, నారాయణగూడ నుంచి వచ్చే బలహీనమైన పిలుపును మింగేస్తుంది. జీపు దిగిన సెట్టు తన బ్యాండు తప్ప మిగతాది బయటే ఆపుతుంది.

ఈ హ్యామ్ వ్యవహారం సరదా కోసమే అనుకోను. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియో పుట్టింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమాన్‌కి వెళ్లిన భారతి ప్రసాద్, సునామీ వచ్చాక పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు అందించారు. అంత దూరానికి హెచ్.ఎఫ్. కావాలి. ఊళ్లో మాట ఊళ్లో చేరడానికి వి.హెచ్.ఎఫ్. చాలు. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి, కరెంటు పోయిన రాత్రి అశోక్‌నగర్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచే ఇరవై అయిదు వాట్ల సెట్టు ఉంటే దాని విలువ తెలుస్తుంది.

సెట్టుతో పాటు వచ్చిన యాంటెన్నానే వాడొద్దు. 160 మెగాహెర్ట్జ్‌కి కోసిన పావు తరంగం కడ్డీ సుమారు 45 సెంటీమీటర్లు. 145కి 49 కావాలి. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడాకే కొంత శక్తి వెనక్కి తిరిగొస్తుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. పాత యజమాని ఛానళ్లు లోపల అలాగే ఉండొచ్చు. అవి పోలీసులవైనా, అంబులెన్సులవైనా కావచ్చు. కాబట్టి అవన్నీ తుడిచి, మనవి రాసేదాకా మైకు బటన్ నొక్కకూడదు. మాట్లాడటానికి హ్యామ్ లైసెన్సు తప్పనిసరి. వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ పెట్టే పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అడుగుతారు. జనరల్ గ్రేడుకి మోర్స్ కూడా. గ్రూప్స్ కోసం సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుగూకులు చదివే కుర్రవాళ్లకి ఈ సిలబస్ ఒక లెక్క కాదు.

జి.ఎం.300లో ఛానళ్లు రాయడానికి డాస్ మీద నడిచే పాత కంప్యూటరు, దాన్ని సెట్టుతో కలిపే రిబ్ అనే చిన్న పెట్టె కావాలి. కంప్యూటరు మరీ వేగంగా ఉంటే ఛానళ్లు రాసే ప్రోగ్రాము సెట్టుతో సరిగ్గా మాట్లాడదు, నెమ్మదైనదే వెతుక్కోవాలి. మొదటి ఛానల్‌లో 145.500 రాయండి, రెండోది ఊరి రిపీటర్‌కి. ఒకటి వినడానికే 145.800కి వదలండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ స్టేషన్ మాటలు కిందికి వచ్చేది దాని మీదే. వ్యోమగాములు మైకు పట్టిన రోజున కేంద్రం హైదరాబాద్ మీదుగా సాగితే, పది నిమిషాల లోపే అయినా, మేడ మీది 49 సెంటీమీటర్ల కడ్డీకి వాళ్ల గొంతు అందుతుంది.